నిన్నటి బ్రెడ్డు, నేటి పుడ్డింగు

పిల్లలూ! మీకొక చిన్న ప్రశ్న. మొన్న దూదిలాగా మెత్తగా ఉన్న బ్రెడ్డు ఇవాళ ఎందుకు గట్టిపడింది?

"ఎండిపోయింది కనక" అంటారు మీరు. మీరే కాదు, మీ అమ్మనూ నాన్ననూ అడిగినా అదే చెబుతారు. నేను బడిలో పనిచేసినన్నాళ్ళూ ఏ తరగతిలో ఈ ప్రశ్న వేసినా ఇదే జవాబు వచ్చేది. ఈ జవాబులో సగమే నిజం ఉన్నది. మిగతా సగం కూడా తెలుసుకుంటే రెండు లాభాలున్నాయి. ఒకటి, పాతబడిన బ్రెడ్డును పారెయ్యకుండా దానితో కమ్మని పుడ్డింగు చేసుకోవచ్చు. రెండు, ఏ బ్రెడ్డు తినవచ్చునో, ఏ బ్రెడ్డు తినరాదో మనమే తేల్చుకోవచ్చు. నన్నడిగితే రెండవ లాభానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

చద్ది వేరు, పాచి వేరు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో రాగిసంగటి ఎరగనివాళ్ళుండరు. పొయ్యి మీది నుంచి దించిన సంగటి ముద్ద మెత్తగా, పొగలు కక్కుతూ ఉంటుంది. రాత్రి మిగిలిన ముద్దను తెల్లవారి చూస్తే బిగుసుకుపోయి ఉంటుంది. అంతమాత్రాన దాన్ని ఎవరూ పారెయ్యరు. ముద్ద మునిగేదాకా నీళ్ళు పోసి ఉంచుతారు. తెల్లవారి దాన్ని చేత్తో పిసికి, మజ్జిగా, ఉప్పూ కలిపి, ఉల్లిపాయ నంజుకుంటూ తాగి, పొలానికి పోతారు.

అన్నం సంగతీ ఇంతే. వేడి అన్నం మెత్తగా ఉంటుంది. చల్లారితే మెతుకు బిరుసెక్కుతుంది. గిన్నె మీద మూత పెట్టి, తేమ బయటికి పోకుండా చేసినా బిరుసెక్కుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, తరవాత పనికి వస్తుంది.

మన భాషలో దీనికి రెండు వేరువేరు మాటలున్నాయి చూశారా? ఒకటి "చద్ది", రెండవది "పాచిపోయింది." చద్దన్నం తింటాం, పాచిపోయిన అన్నం పారబోస్తాం. ఈ తేడా అన్నం విషయంలో మీ నాయనమ్మకు వాసన చూడగానే తెలిసిపోతుంది. బ్రెడ్డు మన ఇళ్ళలోకి ఆలస్యంగా వచ్చింది. అందుచేత దాని విషయంలో చాలామందికి ఈ తేడా తెలియదు. చద్ది బ్రెడ్డును పారేసేవాళ్ళున్నారు. బూజు పట్టిన బ్రెడ్డును గీకి తినేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ పొరపాటు పడుతున్నారు.

కుప్పం దారిలో వచ్చిన బ్రెడ్డు

కుప్పం స్టేషను మద్రాసు నుంచి బెంగుళూరు పోయే రైలుదారి మీద ఉన్నది. ఆ దారిలో జోలార్‌పేట నుంచి బెంగుళూరు కంటోన్మెంటు దాకా 1864లో రైళ్ళు నడవసాగాయి. కంటోన్మెంటు అంటే ఇంగ్లీషు పటాలాలు ఉండే చోటు. మనకు అన్నం ఎలాగో వాళ్ళకు బ్రెడ్డు అలాగ. వాళ్ళ కోసం అక్కడ బేకరీలు వెలిశాయి. తరవాత మనవాళ్ళు కూడా ఆ విద్య నేర్చారు. 1898లో బెంగుళూరు చిక్కపేటలో అయ్యంగార్లు సొంతంగా ఒక బేకరీ పెట్టారు. ఇప్పుడు "అయ్యంగార్ బేకరీ" అన్న బోర్డు కన్నడసీమ దాటి మన ఊళ్ళలో కూడా కనిపిస్తుంది.

బ్రెడ్డు ఉన్న ప్రతి దేశంలోనూ "మిగిలినదాన్ని ఏం చెయ్యాలి?" అన్న ప్రశ్న ఉన్నది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని పాలల్లో, గుడ్ల సొనలో నానబెట్టి, నిప్పు మీద కాల్చి "బ్రెడ్డు పుడ్డింగు" అన్నారు. ఫ్రెంచివాళ్ళు అటువంటి ముక్కల్నే పాలల్లో, సొనలో ముంచి పెనం మీద వేయించి "పాన్ పెర్దూ" అని పేరు పెట్టారు. ఆ మాటకు "పోయిన బ్రెడ్డు" అని అర్థం. పోయిందనుకున్నది మళ్ళీ దక్కిందన్నమాట! మన హైదరాబాదులో బ్రెడ్డును "డబుల్ రొట్టె" అంటారు. దాని ముక్కల్ని నేతిలో వేయించి, చక్కెర పాకంలో, చిక్కని పాలల్లో ఊరబెడితే అదే "డబుల్ కా మీఠా." పెళ్ళివిందుల్లో దానికి మంచి గిరాకీ.

చూశారా, ఇన్ని దేశాలవాళ్ళూ చేసింది ఒకటే పని. గట్టిపడిన బ్రెడ్డుకు పాలో, పాకమో తాగించి, వేడిచేశారు. అది ఎందుకు ఫలిస్తుందో ఇప్పుడు చూద్దాం.

బడిగంటా, పిండిపదార్థమూ

ఫ్రాన్సు దేశంలో బుసాంగో అనే రసాయన శాస్త్రజ్ఞుడుండేవాడు. ఆయన కూడా మనలాగే "ఎండిపోవటం వల్లనే బ్రెడ్డు గట్టిపడుతున్నదా?" అని అనుమానించాడు. 1852లో ఆయన ప్రకటించిన ప్రయోగాల్లో బ్రెడ్డును గాలి చొరని పాత్రలో పెట్టి మూసి చూశాడు. తేమ బయటికి పోయే దారి లేదు. అయినా బ్రెడ్డు పాతబడింది! తరవాత పాతబడిన బ్రెడ్డును మళ్ళీ వేడిచేశాడు. అది మెత్తబడింది. మరి వేడిచేస్తే ఇంకా కొంత తేమ పోతుంది గదా? తేమ పోయి కూడా మెత్తబడిందంటే, గట్టిపడటానికి కారణం ఎండిపోవటం ఒక్కటే కాదని తేలిపోయింది.

అసలు కారణం ఇది. గోధుమపిండిలో ఎక్కువ భాగం పిండిపదార్థం. దాని అణువులు పొడుగాటి గొలుసుల్లాగా ఉంటాయి. బ్రెడ్డు కాలేటప్పుడు పిండిలోని నీరు ఆ గొలుసుల మధ్యకు చొరబడుతుంది. గొలుసులు విడివడి, చెల్లాచెదురై, నీటితో కలిసి మెత్తగా తయారవుతాయి. బ్రెడ్డు చల్లారిన తరవాత అవి మెల్లిమెల్లిగా మళ్ళీ ఒకదాని పక్కన ఒకటి చేరి వరసలు కడతాయి.

మీ బడినే తీసుకోండి. ఆటల గంట కొట్టగానే మైదానంలో చిందరవందరగా పరుగెత్తుతారు. ప్రార్థన గంట కొట్టగానే వరసలు కట్టి బిగుసుకుని నిలబడతారు. మైదానం అదే, పిల్లలూ వాళ్ళే. పిండిపదార్థానికి వేడి ఆటల గంట వంటిది. చల్లదనం ప్రార్థన గంట. సంగటి బిగుసుకోవటానికీ, మూత పెట్టిన అన్నం బిరుసెక్కటానికీ కూడా ముఖ్యమైన కారణం ఇదే.

ఇందులో ఒక వింత ఉన్నది. ఈ వరసలు కట్టటం మామూలు గది వేడిలో కంటె ఫ్రిజ్‌లోని చల్లదనంలో వేగంగా జరుగుతుంది. అందుచేత ఫ్రిజ్‌లో పెట్టిన బ్రెడ్డుకు బూజు ఆలస్యంగా పడుతుంది గాని, అది తొందరగా గట్టిపడుతుంది. మంచు గడ్డకట్టే అరలో పెడితే మటుకు ఈ మార్పు దాదాపు ఆగిపోతుంది.

మీరే పరీక్షించండి. మూడు బ్రెడ్డు ముక్కలు తీసుకోండి. ఒకటి పళ్ళెంలో ఆరుబయట పెట్టండి. రెండవది మూత బిగుతైన డబ్బాలో పెట్టండి. మూడవది అటువంటి డబ్బాలోనే పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మరునాడు మూడింటినీ వేలితో నొక్కి చూసి, నోటుపుస్తకంలో రాసుకోండి. తరవాత ఫ్రిజ్‌లోని ముక్కను ఇడ్లీపాత్రలో రెండు నిముషాలు ఆవిరి పట్టించి మళ్ళీ నొక్కండి. ఒక్క మాట: పాకెట్లలో వచ్చే కొన్ని రకాల బ్రెడ్డులో గట్టిపడకుండా ఉండటానికి ప్రత్యేక పదార్థాలు కలుపుతారు. అటువంటిదైతే ఒకటి రెండు రోజులు ఎక్కువ ఆగాలి. పరీక్ష చేసిన ముక్కల్ని తినకండి.

ఎక్కడ ఆగాలి?

ఇంతవరకు చెప్పింది పాతబడటం గురించి. అది బ్రెడ్డు లోపల జరిగే మార్పు. చెడిపోవటం వేరు. అది బయటి నుంచి వచ్చిన సూక్ష్మజీవుల పని.

బ్రెడ్డు మీద పచ్చగా, నల్లగా, తెల్లగా గాని నూగులాంటి మచ్చ కనిపించిందా, అది బూజు. మచ్చ ఒక మూలే ఉన్నదని, అంతవరకు గిల్లేసి మిగతాది తినకండి. బ్రెడ్డు నిండా చిన్నచిన్న రంధ్రాలుంటాయి. మన కంటికి కనబడని బూజుపోగులు వాటిలో నుంచి లోపలికి పాకి ఉంటాయి. కొన్ని రకాల బూజులు విషపదార్థాలను పుట్టిస్తాయి. కాల్చితే బూజు చస్తుందేమో గాని, కొన్ని విషాలు ఆ వేడికి నశించవు. బూజును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం కూడా మంచిది కాదు.

ఇంకొక రకం చెడు ఉన్నది. ఉక్కపోసే వేసవిలో ఒక్కొక్కప్పుడు బ్రెడ్డు విరిస్తే లోపల జిగటగా సన్నని దారాలు సాగుతాయి. మగ్గిపోయిన పండు వాసన వేస్తుంది. ఇది ఒక జాతి బాక్టీరియా చేసే పని. దాని బీజాలు బేకరీ పొయ్యి వేడిని కూడా తట్టుకుంటాయి. అటువంటి బ్రెడ్డు మొత్తం పారెయ్యవలసిందే. వీటిని కోళ్ళకూ ఆవులకూ కూడా పెట్టరాదు. ఎరువుగుంటలో వేసి మట్టి కప్పండి.

గట్టిగా ఉండి, మచ్చా, జిగటా, చెడువాసనా లేని బ్రెడ్డే పుడ్డింగుకు తగినది. నిజానికి తాజా బ్రెడ్డు కంటె ఇదే మేలు. తాజా ముక్క పాలల్లో పడితే చితికి ముద్దయిపోతుంది. పాతబడ్డ ముక్క తన ఆకారం పోగొట్టుకోకుండా కడుపునిండా పాలు తాగుతుంది.

పుంగనూరు పాలు

పాల మాట వచ్చింది కనక పుంగనూరు ఆవును తలుచుకోవాలి. లోకంలోని అతి పొట్టి ఆవుల జాతుల్లో ఇది ఒకటి. పెరిగిన ఆవు కూడా మూడడుగుల ఎత్తుకు అటూ ఇటూగా ఉంటుంది. ఇచ్చే పాలు కొద్దే గాని, వాటిలో వెన్న ఎక్కువ. ఒకప్పుడు ఈ జాతి అంతరించిపోయే స్థితికి వచ్చింది. పుంగనూరుకు దగ్గరలోని పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో దీన్ని కాపాడి పెంచుతూ వచ్చారు. ఆ పాలు అందరికీ దొరకవు. మీ ఇంటికి వచ్చే పాలు వెన్న తియ్యనివైతే చాలు. పాలలో వెన్న ఎంత ఉంటే పుడ్డింగు అంత నున్నగా వస్తుంది.

పాలను బిగించేది గుడ్డు. గుడ్డులోని మాంసకృత్తులు దారపు ఉండల్లాగా చుట్టుకుని ఉంటాయి. వేడి తగిలితే ఉండలు విప్పుకుని, ఒకదానితో ఒకటి చిక్కుపడి వల అల్లుతాయి. ఆ వలలో పాలు చిక్కుకుంటాయి. పాలూ, చక్కెరా కలిసిన సొన సుమారు 80 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర బిగుస్తుంది. వేడి ఇంకా ఎక్కువైతే వల మరీ బిగిసి, నీటిని బయటికి పిండేస్తుంది. అప్పుడు పుడ్డింగు విరిగిన పాలలాగా పలుకులు పలుకులుగా తయారవుతుంది. కనక చెయ్యవలసిందల్లా వేడిని అదుపులో పెట్టటమే.

మదనపల్లెలో నీళ్ళు ఎప్పుడు మరుగుతాయి?

"నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి" అని మీ పాఠంలో ఉన్నది గదా? సముద్రమట్టం దగ్గర అది నిజమే. ఎత్తుకు పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్ళు ముందుగానే మరుగుతాయి. సుమారు 300 మీటర్ల ఎత్తుకు ఒక డిగ్రీ తగ్గుతుందనుకోండి. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ నీళ్ళు 98 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా మరుగుతాయి. దగ్గరలోనే ఉన్న హార్స్‌లీ కొండ 1,200 మీటర్లు దాటిన ఎత్తు. అక్కడ సుమారు 96 డిగ్రీలకే మరుగుతాయి. కొండ మీద పప్పు ఆలస్యంగా ఉడికేది అందుకే.

మరిగే నీళ్ళు ఆ డిగ్రీని దాటి వేడెక్కవు. అందుచేత వంటవాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. వేడినీళ్ళు పోసిన వెడల్పు పళ్ళెంలో పుడ్డింగు గిన్నెను నిలబెట్టి ఓవెనులో పెడతారు. ఓవెను 170 డిగ్రీలున్నా గిన్నె చుట్టూ ఉన్న నీళ్ళు అంతకు వేడెక్కవు. నీళ్ళు ఆవిరవుతూ వేడిని కొంత తీసుకుపోతాయి కూడా. అడుగున సొన నిదానంగా బిగుస్తుంది. నీటికి పైన ఉన్న ముక్కలు మటుకు వేడిగాలి తగిలి బంగారు రంగుకు తిరుగుతాయి. దోసె ఎర్రబడేదీ, పుడ్డింగు ఎర్రబడేదీ ఒకే రసాయనిక చర్య వల్ల. చక్కెరలూ, మాంసకృత్తులూ వేడికి కలిసి రంగునూ కమ్మని వాసననూ పుట్టిస్తాయి. దీన్ని 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడి పేరు మయ్యార్.

ఇక చేద్దాం

పొయ్యి దగ్గర పని పెద్దవాళ్ళది. కొలవటం, చిదమటం, గిలక్కొట్టటం మీది.

పాతబడ్డ బ్రెడ్డు ముక్కలు 6, పాలు అర లీటరు, కోడిగుడ్లు 3, చక్కెర 100 గ్రాములు, వెన్న గాని నెయ్యి గాని 2 చెంచాలు, ఒక గుప్పెడు ఎండుద్రాక్ష, రెండు ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు సిద్ధం చేసుకోండి.

గిన్నెకు లోపల వెన్న రాయండి. ఒక్కొక్క ముక్కను నాలుగుగా కోసి, ఒకదాని మీద ఒకటి ఓరగా పేర్చండి. మధ్యలో ఎండుద్రాక్ష చల్లండి. పాలు కాచి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి. మరిగే పాలు పోస్తే సొన అక్కడికక్కడే గడ్డకడుతుంది. గుడ్లు పగలగొట్టి, చక్కెర, ఉప్పు, ఏలకులపొడి వేసి గిలక్కొట్టండి. అందులో పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలిపి, వడగట్టి, ముక్కల మీద పొయ్యండి. అరగంట కదపకండి. ఈ అరగంటే ముఖ్యం. ముక్కలు నడిమిదాకా నానకపోతే లోపల పొడిగా మిగిలిపోతాయి.

పైన తక్కిన వెన్న రాసి, వేడినీళ్ళ పళ్ళెంలో పెట్టి, 170 డిగ్రీల ఓవెనులో 40 నుంచి 45 నిముషాలు కాల్చాలి. నడిమిన చాకు గుచ్చి తీస్తే పచ్చి సొన అంటకూడదు. గిన్నెను కదిపితే నడిమి భాగం కాస్త వణకాలి. దించి పావుగంట ఆగితే ఆ వణుకు కూడా పోతుంది.

ఓవెను లేదా? దిబ్బరొట్టె చేసే ఇళ్ళలో మూత మీద నిప్పులు వేసి పైనా కిందా కాల్చేవారు. మనం మందపాటి గిన్నెలో రెండంగుళాల మేర శుభ్రమైన ఇసుక పోసి, మూతపెట్టి పది నిముషాలు కాచి, ఇసుక మీద చిన్న స్టాండు పెట్టి, దాని మీద పుడ్డింగు గిన్నె ఉంచవచ్చు. మంట సన్నగా ఉండాలి. గంట దాకా పట్టవచ్చు. ఇసుక వేడిని నెమ్మదిగా, సమంగా పంచుతుంది కనక నీళ్ళ పళ్ళెం అక్కర్లేదు.

బెల్లం కావాలనేవాళ్ళు దాన్ని పాలల్లో వెయ్యకండి. బెల్లంలో కొంచెం పులుపు ఉంటుంది, వేడికి పాలు విరిగే ప్రమాదం ఉన్నది. చక్కెర సగానికి తగ్గించి, పుడ్డింగు అయిన తరవాత పైన బెల్లపు పాకం పోసుకోండి.

గుడ్డు తినని ఇళ్ళలో

ఇంగ్లండులో బర్మింగుహాం నగరంలో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందులవ్యాపారి ఉండేవాడు. ఆయన భార్యకు గుడ్డు పడేది కాదు. ఆమె కోసం 1837లో ఆయన మొక్కజొన్న పిండితో, గుడ్డు లేని కస్టర్డు పొడి తయారుచేశాడు. మనం కొనే కస్టర్డు పొడికి అదే మూలం.

గుడ్లకు బదులు మూడు పెద్ద చెంచాల కస్టర్డు పొడిని కొద్దిగా చల్లని పాలల్లో కలిపి, మిగిలిన పాలను చక్కెరతో మరిగించి, అందులో పోసి చిక్కబడేదాకా కలపండి. ఇక్కడ నియమం తారుమారయింది, గమనించండి. గుడ్డు మరగకూడదు, పిండి మరగాలి. పిండి మరుగుదాకా పోకపోతే పచ్చివాసన వేస్తుంది, సరిగా చిక్కబడదు. ఆ చిక్కని పాలను ముక్కల మీద పోసి, అరగంట నాననిచ్చి, పైభాగం ఎర్రబడేదాకా కాల్చితే సరి.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ఒక లెక్క ప్రకటించింది. 2022లో లోకమంతటా వృథా అయిన ఆహారం సుమారు 105 కోట్ల టన్నులట. అందులో సగానికి పైగా ఇళ్ళలోనే వృథా అయిందట. అదే లోకంలో రాత్రి ఆకలితో పడుకునే పిల్లలున్నారు. మన ఇంటి నాలుగు ముక్కలతో వాళ్ళ కడుపు నిండదు గాని, అటువంటి నాలుగేసి ముక్కలు చేరే అన్ని కోట్ల టన్నులు అయినాయి.

కనక పిల్లలూ, ఈసారి ఇంట్లో బ్రెడ్డు మిగిలితే దాన్ని వెలుతురులో పెట్టి నాలుగు పక్కలా చూడండి. మచ్చ ఉన్నదా? విరిస్తే దారం సాగిందా? చెడువాసన వేసిందా? మూడింటికీ "లేదు" అని జవాబు వస్తే, అమ్మ దగ్గరికి వెళ్ళి అర లీటరు పాలు అడగండి. ఏ ఒక్కదానికి "అవును" అని వచ్చినా ఎరువుగుంటకు నడవండి.